బో సిలుమెసి ముందరి ఎడ్లు

ఇసుకలో బండి దిగబడిందని కబురొస్తే బో సిలుమెసి ముందుగా బండిని చూడడు. బండికి ఇరవై అడుగుల వెనకే ఆగిపోయి, నడుం వంచి, చక్రాలు గీసిన జాడ చూస్తాడు. డ్రైవరు చెమటలు కక్కుతూ "అది కాదు బో సిలుమెసీ, గేరుపెట్టెలో చప్పుడు..." అంటూ వెంటపడుతుంటే చెయ్యి అడ్డం పెట్టి, "నీ బండి మాట్లాడుతోంది, నువ్వాగు" అంటాడు.

లాగే చక్రం ఇసుకను వెనక్కి విసురుతుంది. ఊరికే దొర్లే చక్రం ఇసుకను ముందుకు తోసుకుంటూ పోతుంది, పొట్ట ముందు మూట పెట్టుకుని నడిచే మనిషిలాగ. ఈ సంగతి నాకు ఆయనే చెప్పాడు. ఆయనకు మాత్రం చిన్నప్పుడు పశువుల వెంట తిరిగేటప్పుడే తెలుసట, ఏ ఆవు కుంటుతోందో, ఏ ఆవు చూలుతో ఉందో గిట్టల జాడను బట్టి చెప్పేవాడట.

నేను కలబోలో ఆయన ఇంటి పక్కనే ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. ఆయన పెరట్లో పాత జీపులు, నా వాకిట్లో పొయ్యి. నేను తియ్యటి పిండి ఉండలు నూనెలో వేసి అమ్ముతాను. బండి బాగు చేయించుకోడానికి వచ్చినవాళ్లందరూ నా దగ్గరే తింటారు కాబట్టి, ఎవరి బండికి ఏం జబ్బో నాకు తెలియకుండా పోయేది కాదు. తెలియకపోతే వెళ్లి అడిగేదాన్ని. బండి కింద వెల్లకిలా పడుకున్న మనిషి కాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని, "అదేంటి? ఎందుకు తడిగా ఉంది? అది అటు తిరిగితే ఏమవుతుంది?" అని అడుగుతుంటే, కింద నుంచి ఆయన గొంతు వచ్చేది.

"మా లిసేలీ, నీ ప్రశ్నల మీద పన్ను వేసుంటే ఈపాటికి మన జిల్లాకు తారు రోడ్డు వచ్చేది."

నా పెద్దకూతురు లిసేలి. అందుకని ఊరంతా నన్ను మా లిసేలి, అంటే లిసేలి తల్లి, అంటారు. పెద్దవాళ్ల పేరు ముందు బో అనడం మా మర్యాద. ఆయన భార్య నామకావు మాత్రం వదినా అని పిలిచేది.

బో సిలుమెసి పంతొమ్మిదో ఏట దక్షిణాన ఉన్న వేరే దేశానికి వెళ్లాడు, మా మగవాళ్లు చాలామంది వెళ్లినట్టే, బంగారు గనుల్లో పనికి. నేల కిందకు దించకుండా ఆయన్ని పైన లారీల షెడ్డులో పెట్టారు. అక్కడ నేర్చుకున్నాడు ఇదంతా. తిరిగొచ్చాక మోంగు పట్నంలో కొన్నాళ్లు చేసి, ఏటి మైదానం దాటి మా కలబోకు వచ్చేశాడు. ఇక్కడ ఉన్నదంతా ఇసుకే, ఇక్కడ నాలుగు చక్రాలూ లాగని బండి బండే కాదు. వచ్చేవన్నీ పాత బండ్లు. ఒకదానికి చేతులు మార్చి, మరొకదానికి కాళ్లు మార్చి, వేరే దేశంలో పారేసినవాటిని మా దగ్గర పదేళ్లు నడిపించేవాడు.

ఆయన ముందు చక్రాలను ముందరి ఎడ్లనీ, వెనక చక్రాలను వెనక ఎడ్లనీ అనేవాడు. ఆ పాత జీపుల్లో లోపల గేరు మార్చినంత మాత్రాన ముందరి ఎడ్లు లాగవు. దిగి వెళ్లి, ముందు చక్రాలకు ఒక్కోదాని నడిమధ్యన డబ్బా మూతలా ఉండే బిళ్ళలను చేత్తో తిప్పాలి. ఒకవైపు తిప్పితే చక్రం ఇరుసుకు కట్టుబడుతుంది, రెండోవైపు తిప్పితే విడిపోయి ఊరికే దొర్లుతుంది. గట్టినేల మీద విప్పి ఉంచితే డీజిలు మిగులుతుంది, ఇసుకలోకి దిగేముందు కట్టాలి. ఒక్క ఎద్దును కట్టి రెండోదాన్ని వదిలేస్తే? అడిగాను ఒకసారి.

"అప్పుడు బలమంతా వదిలేసినదాని దగ్గరికే పోతుంది. ఆ ఇరుసు లోపల గిరగిరా తిరుగుతుంది, చక్రం కదలదు. కట్టినది కూడా లాగదు. సోమరి ఎద్దు పక్కన కట్టిన మంచి ఎద్దు చూడు, అదీ నిలబడిపోతుంది."

ఒకసారి మోంగు నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. నాలుగు చక్రాల గేరు పడింది, ఇక బయటికి రావడం లేదు. జిల్లా కచేరీ ముందు ఎర్రటి గట్టి నేల మీద జీపు మూలుగుతోంది. గేరుపెట్టె విప్పాలి, సామాను లుసాకా నుంచి తెప్పించాలి అని ఆయన ఒకటే గోల. బో సిలుమెసి చుట్టూ ఒకసారి తిరిగి, టైర్ల మీద అరచెయ్యి వేసి చూశాడు.

"ముందువి కొత్తవి, వెనకవి గుండు. ముందరి ఎడ్లది ఒక అడుగు, వెనక ఎడ్లది ఇంకో అడుగు. మధ్యలో కాడి బిగుసుకుపోక ఏమవుతుంది? వెనక్కి పది బారలు పోనీ."

"వెనక్కా?"

"వెనక్కే. ముందుకు మెలిపడిన తాడు వెనక్కి వస్తేనే కదా వదులయ్యేది."

పోనిచ్చాడు. గేరు దానంతట అదే వచ్చేసింది. కాంట్రాక్టరు నోరు తెరిచాడు. "టైర్లు నాలుగూ ఒక ఈడువి వేయించుకో, అంతే" అని ఈయన చేతులు తుడుచుకుంటూ వచ్చేశాడు. ఆ వారమంతా నేనే ఆ కథ ఊళ్లో చెప్పాను, నేనే బాగుచేసినట్టు.

అలాంటి మనిషి కాబట్టే మా దగ్గర ఒక అలవాటు ఏర్పడింది. రైతు సంఘం జీపు ఇసుకదారి పట్టే రోజున బో సిలుమెసి వచ్చి, రెండు బిళ్ళలూ తనే కట్టి, బానెట్ మీద రెండుసార్లు తట్టి, "ఎడ్లు కట్టాను" అనేవాడు. ఆ మాట తర్వాత డ్రైవరు దిగి మళ్లీ చక్రం ముట్టుకోడు. పెద్దమనిషి కట్టానన్నాక పోయి చూడడమంటే, ఆయన ఎదురుగానే నీ మాట నమ్మను అన్నట్టు. మా పెంపకంలో అది కుదరదు.

ఆ ఏడు అక్టోబరులో, ఇసుక పొడిపొడిగా, కాలు పెడితే మడమ దాకా దిగే రోజుల్లో, బడి పెద్ద పంతులు బో ముటుంబా తండ్రి పోయాడు. సికోంగో అవతల పల్లెలో. కబురు పొద్దున్నే వచ్చింది. ఆ ఎండలకు శవాన్ని ఉంచలేరు, మధ్యాహ్నానికి మట్టి చేసేస్తామన్నారు. బో ముటుంబా పెద్దకొడుకు. మొదటి గుప్పెడు మట్టి ఆయనే వెయ్యాలి.

సంఘం వాళ్లు జీపు ఇచ్చారు. డ్రైవరు నలిషువా తోలాలి. బో సిలుమెసి వచ్చాడు, కుడి చక్రం కట్టాడు, ఎడమ చక్రం కట్టాడు, బానెట్ తట్టాడు. "ఎడ్లు కట్టాను. మెల్లగా కాదు, ఒకే జోరుతో పోనీ" అని నలిషువాకు చెప్పి, బో ముటుంబా ముందు సంతాపానికీ క్షమాపణకీ మా మర్యాద ప్రకారం మోకాలు వంచి, మెల్లగా చప్పట్లు కొట్టి, సంతాపం చెప్పి, వెనక వైపు సామాను తాళ్లు బిగించడానికి పోయాడు.

జీపు నా పొయ్యికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది, ఎడమ చక్రం నా వైపు.

ఇరవై రెండేళ్లు ఆ బిళ్ళల గురించి అడిగాను, విన్నాను, ఇంకొకళ్లకు చెప్పాను. ఒక్కసారి కూడా చేత్తో ముట్టుకోలేదు. గట్టిగా ఉంటుందా, మెత్తగా ఉంటుందా? ఆడదాని చేతికి తిరుగుతుందా? కూర్చున్నదాన్ని అటు జరిగి, వంగి, పట్టుకుని తిప్పాను. నేననుకున్నంత గట్టిగా లేదు. టక్కుమని వేళ్లలోకి చిన్న దెబ్బలాంటిది వచ్చింది. మళ్లీ వెనక్కి తిప్పుదామని వేళ్లు సరిచేసుకుంటున్నాను, ఇంతలో ముటుంబా భార్య వీధిలోకి వచ్చి బొబ్బపెట్టి ఏడ్చింది. ఏడుపు వింటే ఆడవాళ్లం కూర్చోకూడదు. లేచి వెళ్లి ఆమెను పట్టుకుని నేనూ ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. ఆమెను జీపెక్కించాను. జీపు వెళ్లిపోయింది. నేను వచ్చి మాడిపోతున్న పిండి ఉండలు తీశాను.

మర్నాడు సికోంగో వైపు నుంచి వచ్చిన లారీ కబురు తెచ్చింది. సగం దారిలో, ఇసుక మరీ లోతైన చోట జీపు కూరుకుపోయింది. నలిషువా టైర్లలో గాలి తీశాడు, తవ్వాడు, కొమ్మలు పరిచాడు. ఎక్కిన మగవాళ్లంతా తోశారు. బో ముటుంబా సూటు విప్పి చేతులతో ఇసుక తోడాడు. ఎక్కడో పల్లెకు పోయి ఎడ్లను తెచ్చి లాగించేటప్పటికి సాయంత్రమైంది. వాళ్లు చేరేసరికి సమాధి మీద నీళ్లు కూడా చల్లేశారు.

"ముందు చక్రాలు లాగనే లేదట" అన్నాడు లారీవాడు, నా ఉండ కొరుకుతూ.

ఆ మాటతో నా కుడిచేతి వేళ్లలోకి ఆ టక్కు మళ్లీ వచ్చింది. అట్లకాడ ఎడమచేతికి మార్చుకున్నాను.

బో సిలుమెసి అటు పోతున్న ధాన్యం లారీ ఎక్కి వెళ్లాడు. గుంత దగ్గర దిగాడు. నలిషువా తర్వాత చెప్పాడు నాకు: "జాడ చూశాడు పెద్దమ్మా, మోకాళ్ల మీద కూర్చుని. వెనకవి రెండూ బావుల్లా తవ్వుకున్నాయి, ముందువి ఊరికే ఉన్నాయి. 'ముందరివి రెండూ పడుకున్నాయి' అన్నాడు. ఇరుసు విరిగుంటుంది, షాఫ్టు జారుంటుంది అని ఒకటొకటీ లెక్కపెట్టాడు. సంతోషంగానే ఉన్నాడు."

"నువ్వు బిళ్ళలు చూడలేదా దిగబడినప్పుడు?"

నలిషువా తల దించుకున్నాడు. "చూద్దామని చెయ్యి చాపాను. ఆయన కట్టానన్నాడు కదా అని వెనక్కి తీసుకున్నాను."

ఆయన సంతోషం పల్లెలో చావింటి ముందున్న జీపు దగ్గరకు వెళ్లేదాకానే. ఎడమ బిళ్ళ విప్పి ఉంది. చుట్టూ పది మంది ఉన్నారు, చావింటికి వచ్చినవాళ్లు. దాచొచ్చు. మెల్లగా తిప్పేసి, ఇరుసులో తప్పుందని చెప్పొచ్చు. ఆయన నిలబడి, "నేను కట్టలేదు. నా తప్పే" అన్నాడట. బో ముటుంబా కాళ్ల ముందు ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని చప్పట్లు కొట్టాడట. పంతులు ఆయన్ని చూడకుండా లోపలికి వెళ్లిపోయాడట.

జీపు కలబోకు తిరిగొచ్చాక ఆయన దాన్ని వదల్లేదు. పని ఉందని ఎవరూ చెప్పలేదు, అయినా ఎడమ హబ్బు మొత్తం విప్పాడు. గోనెపట్టా పరిచి, దాని మీద ఒక్కొక్కటే వరసగా పెట్టాడు, స్ప్రింగు, పళ్ల చక్రం, బేరింగు. కిరోసిన్‌తో కడిగి ఎండలో ఎత్తి చూశాడు. రెండు రోజులు. బిళ్ళ తనంతట తానే జారుతుందేమో, పళ్లు అరిగాయేమో, స్ప్రింగు అలిసిందేమో. తప్పు ఇనుములో దొరకాలని చూస్తున్నాడు.

నేను ఆయన పక్కనే కూర్చున్నాను. ఎప్పుడూ కూర్చుంటాను కదా, కూర్చోకపోతే నామకావు అనుమానపడుతుందని కూర్చున్నాను. అడక్కపోతే బాగుండదని అడిగాను కూడా.

"ఏమైనా దొరికిందా?"

"ఏమీ లేదు, మా లిసేలీ. పెళ్లికూతురు పళ్లలా ఉన్నాయి. ఒక్క పన్ను అరిగున్నా బాగుండేది."

 అప్పుడు నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. మాట గొంతు దాకా వచ్చింది. ఈ ఊళ్లో అందరి ఇళ్లలో సంగతులూ నాకు కావాలి, నన్ను చూస్తే కుండల మీద మూతలు పెట్టుకుంటారని తెలుసు, దానికి నవ్వుకునేదాన్ని. ఇప్పుడు వాళ్లంతా "దాని వేళ్లు చూడు, చావు బండిని కూడా వదల్లేదు" అంటారు. అది తలచుకుని మింగేశాను. ఉండలు చల్లారుతున్నాయని చెప్పి లేచి వచ్చేశాను.

మా వాళ్లు జాలి పడతారు, కాని ఊరుకోరు. సారా కొట్టు ముందు కూర్చునే మగవాళ్లకు కొత్త ఆట దొరికింది.

"తాతా, ప్యాంటు గుండీ కట్టావా, దాన్నీ విప్పి వదిలేశావా?"

"నామకావుని అడగండిరా, ఇంటికొచ్చేటప్పుడు దారి గుర్తుంటుందో లేదో."

"బానెట్ తట్టి చెప్పు తాతా, ఎవరి నాన్న పోతే కట్టవు?"

ఈ చివరి మాటకు ఒకరిద్దరు ఛీ అన్నారు. మిగిలినవాళ్లు నవ్వారు. వాళ్లకు ఉండలు ఇస్తూ నేనూ నవ్వాను. నవ్వకుండా ఉంటే ఏమైందని అడుగుతారని నవ్వాను. బో సిలుమెసి అటువైపే చూస్తున్నాడు. నన్ను చూశాడో లేదో తెలియదు.

తర్వాత ఆయన మెల్లమెల్లగా మారిపోయాడు. ఎవరైనా బండి తెస్తే పని చేస్తాడు, చేశాక భార్యను పిలుస్తాడు. "నామకావు, ఇది బిగించానా చూడు." ఆమె పొయ్యి మీద గంజి వదిలి వచ్చి, నట్టు పట్టుకుని, "బిగించావు" అంటుంది. కాసేపటికి మళ్లీ పిలుస్తాడు. ముందు చక్రాల జోలికి వెళ్లడం మానేశాడు. "ఎడ్లు మీరే కట్టుకోండి" అంటాడు డ్రైవర్లతో. సంఘం జీపు మోంగులో ఇంకెవరి దగ్గరికో పోవడం మొదలైంది. ఇసుకలో దిగబడినవాళ్లు పిలవడానికి వస్తే, "నా కన్ను బాగోలేదు" అని చెప్పి పంపేశాడు. ఆయన కన్నుకు ఏమీ కాలేదు.

డిసెంబరులో తొలి వానలు పడ్డాక, ఒక పొద్దున నామకావు నా పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంది. ఎప్పుడూ నేనే అడిగేదాన్ని, ఆ రోజు తనే చెప్పింది.

"వదినా, నిన్న ఆసుపత్రికి వెళ్లాడు, నాతో చెప్పకుండా. మతిమరుపుకి మందుందా అని అడిగాడట. నర్సు మా పిన్ని కూతురే, అది చెప్పింది. వాళ్ల నాన్న చివరి రోజుల్లో కన్నకొడుకులను గుర్తుపట్టలేదు చూడు, అదే తనకూ మొదలైందనుకుంటున్నాడు."

"ఆయనకేం? నిక్షేపంలా ఉన్నాడు."

"నేనూ అదే అన్నాను. 'కట్టినట్టు నాకు బాగా గుర్తుంది నామకావు, నా వేళ్లకు గుర్తుంది, కాని కట్టలేదు, ఇక నా వేళ్లను ఎలా నమ్మను' అన్నాడు. స్పానర్లన్నీ మూటగడుతున్నాడు. అన్నకొడుకు మోంగులో ఉన్నాడుగా, గురువారం పడవలో వాడికి పంపేస్తాడట. పని లేకుండా ఆయన ఏం చేస్తాడు వదినా? గోడ చూస్తూ కూర్చుంటే నిజంగానే పిచ్చెక్కుతుంది."

ఆమె ఏడవలేదు. నా చేతిని పట్టుకుంది, కుడి చేతిని. నేను దాన్ని లాక్కున్నాను. పొయ్యి మీద నూనె కాగుతుండగానే వదిలేసి వాళ్ల పెరట్లోకి నడిచాను.

బో సిలుమెసి స్పానర్లకు నూనె రాసి, ఒక్కొక్కటీ గుడ్డలో చుట్టి, గోనెసంచిలో పెడుతున్నాడు. నేను ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆయన తలెత్తి చూశాడు. నేను ఎప్పుడూ అలా కూర్చోను.

"ఆ బిళ్ళ నేను తిప్పాను, బో సిలుమెసీ."

"ఏ బిళ్ళ?"

"బో ముటుంబా వాళ్లు వెళ్లిన రోజు. ఎడమ చక్రానిది. నువ్వు కట్టావు. నేను విప్పాను."

ఆయన చేతిలో స్పానరు అలాగే ఉంది.  తర్వాత లేచి, పెరటి మూల సామాన్ల కోసం ఉంచిన చచ్చిన జీపు దగ్గరకు నడిచాడు.

"రా. ఎలా తిప్పావో చూపించు."

పట్టుకుని తిప్పాను.

"ఇటేనా? ఎంతవరకు?"

"చప్పుడయ్యేంత వరకు."

"చప్పుడెలా ఉంది?"

"టక్కుమంది. వేళ్లకు తగిలింది."

"గట్టిగా ఉందా, వదులుగా ఉందా?"

"మొదట కొంచెం పట్టింది. తర్వాత తేలిగ్గా పోయింది."

డ్రైవర్లను అడిగినట్టే అడిగాడు, అదే గొంతుతో, తొందర లేకుండా. అన్నీ విన్నాక కళ్లు మూసుకుని పెద్ద ఊపిరి వదిలాడు. తన కుడిచెయ్యి ఎత్తి, తిప్పి, వేళ్లు చూసుకున్నాడు. అప్పుడు ఆయన ముఖంలో పోయిన నమ్మకం తిరిగి రావడం చూసి నాకు ఒక్క క్షణం మనసు తేలికైంది. ఆ తేలికపాటు ఎక్కువసేపు నిలవలేదు.

"రెండు రోజులు ఆ హబ్బు విప్పి కూర్చున్నాను" అన్నాడు. "నువ్వు ఇక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"ఏమైనా దొరికిందా అని అడిగావు."

"అడిగాను."

"సారా కొట్టు దగ్గర నవ్వావు."

చూశాడన్నమాట. నేను నేలకేసి తల వంచాను. చప్పట్లు కొట్టడానికి చేతులు కలిపాను, కొట్టలేకపోయాను.

"బిళ్ళ తిప్పినదానికి నాకు కోపం లేదు, మా లిసేలీ. నీ వేళ్ల సంగతి నాకు తెలుసు, బిళ్ళకు గుడ్డ చుట్టి ఉంచాల్సింది నేనే. రెండు నెలలు నా తల పాడైపోయిందని నన్ను నమ్మనిచ్చావు." గొంతు పెంచలేదు. "మా నాన్నలా అయిపోతానని రోజూ పొద్దున్నే లేచి, పిల్లల పేర్లు వరసగా చెప్పుకుని చూసుకునేవాడిని."

నామకావు వెనకే వచ్చి నిలబడిందని అప్పుడు చూశాను. అంతా విన్నది. ఆమె నా వైపు చూడకుండా గోనెసంచి దగ్గరకు వెళ్లి, కూర్చుని, స్పానర్ల గుడ్డలు విప్పడం మొదలుపెట్టింది.

"బో ముటుంబా దగ్గరకు వెళ్దాం" అన్నాను. "నేనే చెప్తాను."

"పద" అన్నాడు.

బడి వాకిట్లో పంతులు పరీక్ష కాగితాలు దిద్దుతున్నాడు, ఆయన భార్య కసావా దుంపలు ఆరబెడుతోంది. బడిలోని ఇంకో ఇద్దరు పంతుళ్లు కూడా ఉన్నారు. వాళ్లను పంపేసేదాకా ఆగుదామనిపించింది. బో సిలుమెసి ఆగలేదు, కాబట్టి నేనూ ఆగలేదు. ఇసుకలో కూర్చుని, చప్పట్లు కొట్టి, అంతా చెప్పాను. బిళ్ళ, టక్కుమన్న చప్పుడు, ఏడుపు, నూనె, రెండు రోజులు హబ్బు పక్కన కూర్చోవడం, నవ్వడం. నవ్వు సంగతి వదిలెయ్యాలనిపించింది. వదలలేదు.

పంతులు నన్ను చూశాడు. పిల్లలు లెక్క తప్పు చేసినప్పుడు చూసినట్టు కాదు. నేను మనిషినో కాదో అన్నట్టు.

ఆయన భార్య అడిగింది. "ఎందుకు తిప్పావు?"

 

"ఊరికే" అన్నాను. "ఎలా ఉంటుందో చూద్దామని."

ఆ మాట నా చెవులతో నేను విన్నాక, మరి తలెత్తలేకపోయాను. ఒక ముసలాయన మీద కన్నకొడుకు గుప్పెడు మట్టి వెయ్యలేకపోవడానికి కారణం ఇంత చిన్నది. నేను ఏడ్చి పట్టుకుని జీపెక్కించింది ఈ ఆడమనిషినే.

పంతులు లేచాడు. నన్ను దాటి వెళ్లి బో సిలుమెసి ముందు వంగాడు, ఊరి మెకానిక్కు ముందు వంగినట్టు కాదు, తండ్రి ముందు వంగినట్టు. చప్పట్లు కొట్టాడు.

"ఆ రోజు మీ ముఖం చూడకుండా లోపలికి పోయాను. మీరు ఇసుకలో కూర్చుని ఉన్నారు, నేను పోయాను. ఊళ్లో జనం అన్న మాటలు విన్నాను, ఒక్కరినీ ఆపలేదు. ఆపాలనిపించలేదు. క్షమించండి, నాన్నా."

"నువ్వేం చేశావు బాబూ? నేనే కట్టలేదని నేనే చెప్పానుగా."

"ఎందుకు ఒప్పుకున్నారు మరి?"

 "బిళ్ళ విప్పి ఉంది. ఇంకెవరి చెయ్యి అనుకోను?"

ఆ మాట అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. చూసుంటే బాగుండేది.

ఊరికి తెలియడానికి ఒక పూట కూడా పట్టలేదు. వాళ్లు నా గురించి ఏమన్నారో ఇక్కడ రాయను, అన్నీ నిజాలే. వారం రోజులు నా ఉండలు అమ్ముడుపోలేదు. సారా కొట్టు మగవాళ్లు ఇద్దరు ముగ్గురు బో సిలుమెసి పెరట్లోకి వెళ్లి, నేల మీద కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చారు. సంఘం జీపు మోంగు నుంచి తిరిగొచ్చింది. స్పానర్లు ఎక్కడివక్కడ గోడకు వేలాడాయి.

నలిషువా ఇప్పుడు పెద్దాయన ఎదురుగానే దిగి బిళ్ళలు చూసుకుంటాడు. చూడమని బో సిలుమెసే చెప్పాడు. నామకావు ఎదురుపడితే తల ఊపుతుంది. వదినా అనడం లేదు. మా లిసేలీ అంటోంది.

జనవరిలో తండ్రి సమాధి దగ్గర చెయ్యాల్సినవి చెయ్యడానికి బో ముటుంబా వాళ్లు మళ్లీ సికోంగో ప్రయాణమయ్యారు. బో సిలుమెసిని తమతో రమ్మన్నారు, మెకానిక్కుగా కాదు, పెద్దమనిషిగా, జీపులో ముందు సీట్లో. ఆయన తెల్లటి చొక్కా వేసుకున్నాడు. అలా వేసుకోవడం ఆయన కూతురి పెళ్లి తర్వాత నేను చూడలేదు. బండి నా వాకిలికి ఈసారి దూరంగా ఆగింది.

దారిలో తినడానికని ఒక డబ్బా నిండా ఉండలు వేసి తీసుకెళ్లాను. రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్లు వంచి ఆయనకు అందించాను. మా దగ్గర ఎవరేమిచ్చినా రెండు చేతులతో అందుకుంటారు, ముసలివాళ్లైనా, పసివాళ్లైనా. పసివాళ్లకు నడక రాకముందే అది నేర్పుతాం.

ఆయన ఒక్క చేత్తో అందుకున్నాడు. డబ్బా ఒళ్లో పెట్టుకుని, ముందుకు చూస్తూ, "పోనీ" అన్నాడు నలిషువాతో.

నేను చేతులు చాపుకునే ఉన్నాను. జీపు ఇసుకలోకి దిగింది. నాలుగు చక్రాలూ ఇసుకను వెనక్కి విసిరాయి, కొంత నా కాళ్ల మీద పడింది. దులుపుకోలేదు.